పెళ్లి మాటలు ఒకరివి, కాపురం ఇంకొకరిది

సోమవారం పొద్దున తొమ్మిదింటికి డెలివరీ లీడ్ నుంచి, అంటే గెలిచిన ప్రాజెక్టుని కట్టే టీమ్ పెద్ద నుంచి ఫోన్. పలకరింపు కూడా లేదు. "మన ప్రపోజల్ 42వ పేజీలో ఈ లైను రాసింది ఎవరండీ?" అన్నాడు. ఏ లైను అని అడిగితే చదివి వినిపించాడు. తీవ్రమైన లోపం ఏది వచ్చినా, రాత్రైనా పగలైనా, సెలవు రోజైనా సరే, 4 గంటల్లో సరిచేస్తాం. ఒక ప్రభుత్వ ఆఫీసు టెండరుకి మేం రాసిచ్చిన ఆ ప్రపోజల్‌తో ప్రాజెక్టు గెలిచి అప్పటికి ఎనిమిది నెలలు. టీమ్‌లో ఉన్నది 9 మంది. రాత్రిపూట ఫోన్ ఎత్తడానికి ఎవరూ లేరు, ధర లెక్క వేసినప్పుడు రాత్రి డ్యూటీకని ఒక్క గంట కూడా కలపలేదు. ముందు రోజు ఆదివారం రాత్రి లాగిన్ పేజీ పడిపోయింది, మావాళ్లు పొద్దున ఏడింటికి గానీ చూసుకోలేదు, ఎనిమిదిన్నరకల్లా ఆ ఆఫీసు వైపు నుంచి ఒక చిన్న మెయిలు వచ్చేసింది. అందులో మా ప్రపోజల్ పేజీ నంబరు, ఆ లైను, కింద "దయచేసి వివరణ ఇవ్వండి" అని. అంతే.

ఆ లైను నేను రాయలేదు. నిజానికి ఈ ప్రపోజల్ కోసం దాన్ని ఎవరూ రాయలేదు. మూడేళ్ల కిందట వేరే శాఖకి, 24 గంటలూ నడిచే సపోర్టు డెస్కు ఉన్న ఒక పెద్ద ప్రాజెక్టుకి రాసిన ప్రపోజల్లోంచి అది మా రెడీమేడ్ పేరాల ఫోల్డర్లోకి చేరి, అక్కణ్ణుంచి ఇందులోకి దిగింది. చివరి రివ్యూలో నేనే చదివాను. చదివి, బాగుందనుకున్నాను కూడా. అసలు చేదు ఏమిటంటే, గెలిచాక మేం అడిగి తెచ్చుకున్న మార్కుల వివరణలో మా బలాల కింద ఆ లైనునే ప్రత్యేకంగా రాశారు. ఏ మాటకైతే మార్కులు పడ్డాయో ఆ మాటే మెడకి చుట్టుకుంది.

పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ప్రభుత్వ శాఖలకి వెబ్‌సైట్లు, దరఖాస్తు పోర్టళ్లు, పాత సిస్టమ్‌ల స్థానంలో కొత్తవి కట్టిచ్చే డిజిటల్ కంపెనీలో ప్రపోజల్ మేనేజర్ని. ఇన్నాళ్లకి నేను గట్టిగా అనగలిగే మాట ఒకటే ఉంది, దానికోసమే ఇదంతా రాస్తున్నాను. ప్రపోజల్లోని ప్రతి వాగ్దానం పక్కనా దాన్ని రేపు నిలబెట్టబోయే మనిషి పేరు ఉండాలి. పేరు రాయలేకపోతే ఆ వాక్యం తీసేయాలి. అలా తీసేస్తే బిడ్ నిలబడదనుకుంటే ఆ టెండరు వదిలేయాలి. వినడానికి ఇంత చిన్న మాట, ఆచరణలో మా కంపెనీలో దీనిమీద పడ్డన్ని గొడవలు ఇంక దేనిమీదా పడలేదు.

ముందు పని ఎలా ఉంటుందో కాస్త చెప్పాలి, బయటివాళ్లకి ఇది ఏదో అందంగా రాసే ఉద్యోగంలా కనిపిస్తుంది కాబట్టి. ఆర్‌ఎఫ్‌పీ వస్తుంది, అంటే శాఖ తనకేం కావాలో రాసి ప్రపోజళ్లు అడిగే టెండరు పత్రం, 140 పేజీలో 200 పేజీలో. చేయాల్సిన పని ఒక చోట ఉంటుంది, బిడ్ ఎలా రాయాలో ఇంకో చోట, మార్కులు ఎలా వేస్తారో మరో చోట. అమెరికా ఫెడరల్ టెండర్ల పాత మూసలో వీటిని సి, ఎల్, ఎమ్ సెక్షన్లంటారు, మిగతా దేశాల్లో పేర్లు వేరేగానీ తంతు అదే. ఈ మూడూ ఒకదానితో ఒకటి ఎప్పుడూ పూర్తిగా కలవవు. చేయాల్సిన పనిలో డేటా మైగ్రేషన్ (పాత సిస్టమ్ డేటాని కొత్తదానిలోకి మార్చడం) గురించి ఆరు పేజీలుంటాయి, మార్కుల దగ్గర దాని ఊసే ఉండదు. రాయాల్సిన తీరులో 30 పేజీలు దాటొద్దంటారు, అడిగిన వాటన్నిటికీ జవాబు రాస్తే 55 అవుతుంది. నా మొదటి రెండు రోజులూ "షల్", "మస్ట్" అని, అంటే తప్పనిసరిగా చేయాలని ఉన్న ప్రతి వాక్యాన్నీ ఏరి ఎక్సెల్ షీటులో వరసకొకటి పెట్టుకోవడంతోనే సరిపోతుంది. దాన్ని కంప్లయన్స్ మాట్రిక్స్ అంటాం. ఒక మోస్తరు టెండరుకి 180 వరసలైనా వస్తాయి. ప్రతి వరసకీ మన జవాబు ఏ పేజీలో ఉంది, ఎవరు రాస్తున్నారు, ఎప్పటికిస్తారు. ఈ ఎక్సెల్ షీటే నా ఉద్యోగం, మిగతాదంతా దాని చుట్టూ పరుగే.

తర్వాత ప్రశ్నల గడువు. అర్థంకానివన్నీ రాసి పంపాలి, మనం అడిగినవీ వాళ్ల జవాబులూ పోటీదారులందరికీ కనిపిస్తాయి కాబట్టి మన ఎత్తుగడ బయటపడకుండా అడగడం ఒక విద్య. జవాబులతోపాటు సవరణలొస్తాయి. మూడో సవరణలో పేజీల పరిమితి మారుతుంది, నాలుగో దాంట్లో ధరల షీటే మారిపోతుంది. ఈలోగా రివ్యూలు. ఈ వృత్తిలో వాటికి రంగుల పేర్లు పెట్టుకున్నారు. తొలి చిత్తుప్రతికి పింక్, మార్కులు వేసేవాళ్ల కళ్లతో చదివే దానికి రెడ్, పెద్దలు చివరి సంతకం పెట్టే దానికి గోల్డ్. చివరికి పోర్టల్లో ఎక్కించడం. గడువు ఐదింటికైతే 5:01కి ఎక్కించిన బిడ్ లెక్కలోకి రాదు, అక్కడ బతిమాలుకోవడాలు పనిచేయవు. నేను గడువుకి ఒక రోజు ముందే ఎక్కించేస్తాను, ఈ అలవాటు ఎలా వచ్చిందో మాత్రం అడక్కండి.

ఇంత టెన్షన్‌లో సహజంగా జరిగేది ఏమిటంటే, ఖాళీగా ఉన్న వరసల్ని ఎలాగోలా నింపేస్తాం. పని చేయబోయే ఇంజనీర్లు వేరే ప్రాజెక్టులో తలమునకలుగా ఉంటారు, వాళ్ల గంటలకి క్లయింటు డబ్బులిస్తున్నాడు కాబట్టి వాళ్లని పిలిస్తే వాళ్ల మేనేజరు మొహం మాడ్చుకుంటాడు. కాబట్టి ఫోల్డరు తెరుస్తాం. అందులో యాక్సెసిబిలిటీకి (వైకల్యం ఉన్నవాళ్లూ వాడగలిగేలా కట్టడం) ఒక పేరా, సెక్యూరిటీకి రెండు, ఎజైల్‌కి (కొద్దికొద్దిగా కట్టి, చూపిస్తూ, మార్చుకుంటూ పోయే పద్ధతి) ఏకంగా ఎనిమిది రకాల పేరాలుంటాయి. తీసి అతికిస్తాం, శాఖ పేరు మారుస్తాం. ఒకసారి శాఖ పేరు ఒక చోట మార్చడం మర్చిపోయాం కూడా. అది పోయింది, పోవాల్సిందే. అలాంటి తప్పు గురించి అందరూ కథలు చెప్పుకుంటారు గానీ నా దృష్టిలో అది పెద్ద తప్పు కాదు, ఎందుకంటే బిడ్ పోతుంది, అక్కడితో సరి. పేరు సరిగ్గా మార్చి, వాక్యం అలాగే ఉంచి, గెలవడం ప్రమాదం. చాలా చోట్ల గెలిచినవాడి ప్రపోజల్‌నే కాంట్రాక్టులో ఒక భాగంగా చేర్చేస్తారు. మనం మార్కుల కోసం రాసిన విశేషణాలు రేపు లీగల్ వాళ్ల చేతిలో షరతులవుతాయి.

మా సేల్స్ పెద్దాయన ఒకాయన ఉండేవారు, మంచి మనిషి. నేను ఏదైనా లైను తీసేద్దామంటే నవ్వి, "వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారమ్మా" అనేవారు. చాలాకాలం ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆ ఫోన్ వచ్చిన వారం మీటింగులో మళ్లీ అదే మాటంటే నోరు జారి అనేశాను, "పెళ్లి చేసినవాళ్లు మనం సార్, కాపురం చేస్తున్నది ఆ తొమ్మిది మంది." గదిలో ఎవరూ మాట్లాడలేదు. డెలివరీ లీడ్ మాత్రం బల్ల మీదున్న తన ల్యాప్‌టాప్ వైపే చూస్తూ కూర్చున్నాడు. అప్పటికి అతను ఆ వారంలో మూడు రాత్రులు ఫోన్ పక్కన పెట్టుకుని పడుకున్నాడు.

ఇక్కడ సేల్స్ వాళ్లని విలన్లని చేయడం తేలిక, నాకది ఇష్టం లేదు. వాళ్లు చెప్పేదాంట్లో నిజముంది. మనం నిజం రాస్తాం, పక్కవాడు అరచేతిలో వైకుంఠం చూపిస్తాడు, మార్కులు వేసేవాళ్లకి కాగితం తప్ప ఇంకేం కనపడదు, మరి ఎవరు గెలుస్తారు? కొన్నిసార్లు పక్కవాడే గెలుస్తాడు. నా పద్ధతి మొదలుపెట్టిన మొదటి ఏడాది మేం రెండు బిడ్లు అలా పోగొట్టుకున్నాం, రెండింటిలోనూ మా ధర ఎక్కువ, ఎందుకంటే ఇంతమంది కావాలని అసలు మనుషులతో లెక్కవేయించి రాశాం. దాన్ని దాచిపెట్టి ఈ వాదన చేయలేను.

తప్పంతా బిడ్ వేసేవాళ్లదే అనడమూ అన్యాయమే. 2013 అక్టోబర్ 1న మొదలైన అమెరికా హెల్త్‌కేర్ డాట్ గవ్ సంగతి ఈ రంగంలో అందరికీ తెలిసిందే, మొదటి రోజు అందులో చివరిదాకా వెళ్లి నమోదు కాగలిగింది ఆరుగురని తర్వాత బయటపడిన నోట్స్ చెప్పాయి. అందరూ ఆ ఆరు అంకె దగ్గరే ఆగుతారు గానీ నాకు ఆసక్తిగా అనిపించేది అమెరికా ప్రభుత్వ ఖర్చుల్ని తనిఖీ చేసే జీఏఓ 2014లో ఇచ్చిన రిపోర్టు. ఆ ప్రధాన పోర్టల్ కట్టే పనిని 2011 సెప్టెంబర్‌లో అప్పగించినప్పుడు లెక్క సుమారు 5.6 కోట్ల డాలర్లు, 2014 ఫిబ్రవరికి అది 20.9 కోట్లు దాటింది. కారణాల్లో ఒకటిగా వాళ్లు రాసింది చూడండి, ముఖ్యమైన సాంకేతిక అవసరాలేమిటో తేలకముందే పని అప్పగించేశారని. అంటే కావాల్సింది ఏమిటో అడిగేవాడికే స్పష్టంగా తెలియదు. అలాంటి టెండరుకి ఎవరు, ఎంత నిజాయితీగా ప్రపోజల్ రాసినా అందులో సగం ఊహే. అలాంటప్పుడు "మాకు ఇది తెలియదు, తెలుసుకోవడానికి ఇన్ని వారాలు కావాలి" అని రాసేవాడికి మార్కులు పడే దారి ఉండాలి. సాధారణంగా ఉండదు. అందుకే అందరూ అన్నీ తెలిసినట్టే రాస్తారు.

ఆ దెబ్బ తర్వాత కొన్నాళ్లు గాలి మారింది. 2014లో అక్కడే యూఎస్ డిజిటల్ సర్వీస్, 18ఎఫ్ అని ప్రభుత్వంలోనే పనిచేసే రెండు డిజిటల్ టీమ్‌లు మొదలయ్యాయి. 2015లో 18ఎఫ్ ఎజైల్ పనులకి కంపెనీల్ని ఎంచుకోవడానికి పెట్టిన పోటీ గురించి చదివినప్పుడు, నిజం చెప్పొద్దూ, నా ఉద్యోగం ఊడిందనుకున్నాను. పెద్ద పెద్ద రాతలేం వద్దన్నారు. ఔషధాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ బయటపెట్టిన డేటా తీసుకోండి, దానిమీద పనిచేసే ఒక నమూనా కట్టండి, కోడంతా అందరికీ కనిపించే గిట్ రిపాజిటరీలో, అంటే కోడులో ప్రతి మార్పూ నమోదయ్యే చోట, పెట్టండి అన్నారు. ఇందులో అతికించడానికి పేరా ఏది? ఏ రోజు ఎవరు ఏం చేశారో కమిట్ల (నమోదైన మార్పుల) చరిత్రలో కనిపిస్తుంది. 2025లో 18ఎఫ్‌ని మూసేశారు గానీ ఆ ఆలోచన మాత్రం పోలేదు, రాతకి బదులు నమూనానో, ముఖాముఖి ప్రెజెంటేషనో అడిగే టెండర్లు నా టేబుల్ మీదకి ఇప్పుడూ వస్తున్నాయి.

అలాంటి ఒక ముఖాముఖికి మేం వెళ్లాం. నియమం ఏమిటంటే, ప్రాజెక్టులో నిజంగా పనిచేయబోయే ఐదుగురే లోపలికి, సేల్స్ వాళ్లూ ప్రపోజల్ వాళ్లూ బయటే. గంటన్నర కారిడార్లో కుర్చీలో కూర్చున్నాను, చేతిలో పని లేకుండా అంతసేపు నేను కూర్చోవడం అదే మొదటిసారేమో. బయటికొచ్చాక మా టెక్ లీడ్ అమ్మాయి మొహం పాలిపోయి ఉంది. "పాత డేటాబేసు వైపు నుంచి ఏపీఐ (డేటా అందించే లింకు) సమయానికి రాకపోతే ఏం చేస్తారని అడిగారు. అది చూడకుండా చెప్పలేం, మొదటి రెండు వారాలు ఆ డేటా చూడ్డానికే పెట్టుకుంటాం, మీ డేటాబేసు చూసుకునే డీబీఏతో మాట్లాడించాలి అని చెప్పేశాను. చెడగొట్టానా?" అంది. నేనైతే ప్రపోజల్లో ఆ ప్రశ్నకి ఏం రాసేదాన్నో నాకు తెలుసు, మా ఫోల్డర్లో దానికి అరపేజీ ఉంది, "నిరూపితమైన ఇంటిగ్రేషన్ విధానం" అనే మాటతో మొదలవుతుంది. ఆ కాంట్రాక్టు మాకే వచ్చింది. మార్కుల వివరణలో ఆ అమ్మాయి చెప్పిన జవాబు గురించి రెండు వాక్యాలు రాశారు, తెలియనిదాన్ని తెలుసుకునే పద్ధతి స్పష్టంగా ఉందని.

ఆ మర్నాడే ఎక్సెల్ షీటులో ఒక కాలమ్ చేర్చాను. "ఎవరు చేస్తారు" అని. ఎవరు రాస్తారు అనేది అప్పటికే ఉంది, ఇది వేరే. ఉదాహరణకి 4 గంటల్లో సరిచేస్తాం అనే వాగ్దానం పక్కన, రాత్రి రెండింటికి లేచే మనిషి పేరు. ఆ మనిషి ఆ వాక్యం చదివి సరే అన్నాకే అది డాక్యుమెంటులోకి వెళ్తుంది. మొదట్లో జనం నవ్వారు, తర్వాత విసుక్కున్నారు, సిస్టమ్ ఎలా కట్టాలో గీసే ఒక ఆర్కిటెక్టు అయితే తన పేరు 43 వరసల్లో చూసుకుని, "వీటిలో సగం నేను చేయలేను, ఒకటి తర్వాత ఒకటైతే చేస్తాను" అన్నాడు. అదే కావాలి నాకు. ఆయనకి అరవై గంటల వారాలు తెచ్చిపెట్టే సంగతి బిడ్‌కి ముందే బయటపడింది. రెండో ఆర్కిటెక్టుని లెక్కలోకి తెచ్చాం, ధర పెరిగింది.

ఇంజనీర్ల గంటలు ఎక్కడినుంచి తేవాలి అనేది న్యాయమైన ప్రశ్నే. మేం దొరకబుచ్చుకున్న దారి ఒకటుంది, తక్కువ టెండర్లకి వెళ్లడం. ఆ ముందు ఏడాది 31 బిడ్లు వేశాం, ఈ పద్ధతి పెట్టిన ఏడాది 14. ఆర్‌ఎఫ్‌పీ చదివిన మూడో రోజు ఒక గంట కూర్చుని వెళ్దామా వద్దా తేలుస్తాం. ఆ గంటలో నేను అడిగేవి మూడే. ఈ శాఖలో ఎవరితోనైనా టెండరుకి ముందు మాట్లాడామా? చేసే మనుషులు ఆ నెలల్లో ఖాళీగా ఉంటారా? ఇందులో మనకి తెలియనిదాన్ని తెలియదని రాసుకునే వీలుందా? ఇందులో రెండింటికి కాదని వస్తే నేను వద్దంటాను. నా మాట ప్రతిసారీ చెల్లదు. అలా చెల్లకుండా వెళ్లిన వాటిలో ఒకటి గెలిచాం కూడా, సేల్స్ వాళ్లు దాన్ని ఇప్పటికీ నాకు గుర్తుచేస్తుంటారు. చేయనివ్వండి.

అసలు చిక్కు కొలతలో ఉంది. ప్రపోజల్ టీమ్‌ని ఎన్ని గెలిచారు, ఎంత విలువవి గెలిచారు అనే లెక్కతో కొలుస్తారు. బోనసు ఆ లెక్క మీదే. కాంట్రాక్టు మీద సంతకం పడ్డ రోజు మా లెక్క ముగుస్తుంది, ఎవరి తిప్పలు మొదలవ్వాలో వాళ్ల తిప్పలు ఆ రోజు మొదలవుతాయి. ఇలా కొలిచినన్నాళ్లూ మనిషి ఎంత మంచివాడైనా ఫోల్డరు తెరవడం మానడు, నేనూ మానలేదు, ఆ ఫోన్ వచ్చేదాకా. సంతకం పడిన ఏడాదికి ఆ ప్రాజెక్టు ఎలా ఉంది, ప్రపోజల్లో రాసిన మాటల్లో ఎన్ని నిలబడ్డాయి, ఎన్నింటిని మార్చమని మనమే వాళ్లని బతిమాలాం, ఈ లెక్క మా బోనసులో కలపమని నేను రాసిస్తే హెచ్ఆర్ వాళ్లు వింతగా చూశారు. ఇప్పటికి బోనసులో మూడోవంతుకి ఒప్పుకున్నారు. నా జీతం తగ్గించమని నేనే అడిగినట్టుందని మా టీమ్‌లో ఒకడు వారంపాటు నాతో మాట్లాడలేదు.

కొనేవాళ్ల వైపు కూడా కొంత కదలిక ఉంది. యూరప్‌లో 2014 నాటి ప్రొక్యూర్‌మెంట్ డైరెక్టివ్ ప్రకారం ధర అసాధారణంగా తక్కువ అనిపిస్తే ఎలా కుదిరిందో వివరణ అడిగి తీరాలి. బ్రిటన్ 2025 ఫిబ్రవరిలో అమల్లోకి తెచ్చిన కొత్త చట్టంలో, ఆర్థికంగా అత్యంత లాభదాయకమైన టెండరు అనే పాత మాటలోంచి "ఆర్థికంగా" అన్నది తీసేశారు, ధర ఒక్కటే చూడక్కర్లేదని స్పష్టం చేయడానికి. ఒక్క మాటతో ఏం మారుతుందని అడగొచ్చు. 42వ పేజీలో ఒక్క లైను ఏం చేసిందో చూసినదాన్ని కాబట్టి నేనలా అడగను.

ఇంకో చిన్న సంగతి, పక్కదారే గానీ చెప్పకుండా ఉండలేను. గెలిచినా ఓడినా మార్కుల వివరణ అడగండి. అమెరికా ఫెడరల్ టెండర్లలో అయితే ఫలితం తెలిసిన 3 రోజుల్లో రాతపూర్వకంగా అడగాలి, గడువు దాటితే మీకు హక్కుగా రాదు. ఓడినప్పుడు అందరూ అడుగుతారు, గెలిచినప్పుడు ఎవరూ అడగరు, పార్టీ చేసుకునే తొందరలో ఉంటారు. గెలిచినప్పుడే అడగాలి. అందులో మన బలాలని రాసినవి ఏవో, వాటికోసమే వాళ్లు మనల్ని ఎంచుకున్నారన్నమాట, కాబట్టి వాటినే రేపు అడుగుతారు. ఆ కాగితాన్ని మొదటి రోజే డెలివరీ లీడ్ చేతిలో పెట్టాలి. మా ఆ ప్రాజెక్టులో ఆ కాగితం ఎనిమిది నెలలపాటు నా మెయిల్లోనే ఉండిపోయింది.

4 గంటల లైను సంగతి చివరికి ఇలా తేలింది. అవతలి ఆఫీసు ప్రాజెక్టు అధికారిని కలిసి, ఇది మేం నిలబెట్టుకోలేని మాట, పొరపాటున రాశాం అని నేనూ డెలివరీ లీడూ కలిసి చెప్పాం. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "రాత్రిపూట లాగిన్ ఒక్కటే నాకు ముఖ్యం, మిగతావి పొద్దున చూసినా ఫర్వాలేదు" అంది. ముందే అడిగుంటే ముందే చెప్పేది. ఇద్దరు మనుషుల్ని వంతులవారీగా రాత్రి ఫోన్‌కి పెట్టాం, ఆ ఖర్చు కంపెనీయే భరించింది, కాంట్రాక్టులో ఆ లైను మార్చడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది.

ఇప్పుడు నా ముందు కొత్త ఆర్‌ఎఫ్‌పీ ఉంది, 163 వరసలు. 88వ వరసలో పాత సిస్టమ్ నుంచి రికార్డులన్నీ ఒక్కటి కూడా పోకుండా 90 రోజుల్లో మార్చాలని ఉంది, ఎన్ని రికార్డులో ఎక్కడా లేదు. "ఎవరు చేస్తారు" దగ్గర ఖాళీ. అదే డెలివరీ లీడ్‌ని అడిగితే, "ఎన్ని ఉన్నాయో తెలిస్తే నా పేరు రాయండి, లేకపోతే వద్దు" అన్నాడు. ప్రశ్నల గడువు శుక్రవారం. ఎన్ని రికార్డులు, ఏ ఫార్మాట్‌లో అని రాసి పంపాను.